ఊఁ కొట్టేవాళ్ళు

మా అమ్మమ్మ కథ చెప్పేటప్పుడు ఒకే షరతు పెట్టేది. వాక్యం పూర్తయిన ప్రతిసారీ మేము ఊఁ అనాలి. అనకపోతే కథ అక్కడే ఆగిపోయేది. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్ళి, ఏడు చేపలు తెచ్చి, ఎండబెట్టి, అందులో ఒకటి ఎండకుండా మిగిలిపోయిన చోట మా వైపు నుంచి ఊఁ రాలేదంటే, ఆ చేప ఆ రాత్రికి అలాగే పచ్చిగా ఉండిపోయేది. "నిద్రపోయారా?" అని ఒకసారి అడిగి, జవాబు రాకపోతే దుప్పటి కప్పి, నులకమంచం పక్కనుంచి లేచి వెళ్ళేది. మరునాడు మళ్ళీ "అనగనగా" దగ్గర నుంచి మొదలు. ఏడు చేపల కథ చివర చీమ ఏమన్నదో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చీమ కంటే ముందే నాకు నిద్ర వచ్చేసేది.

ఇష్టమైన పిల్లల పుస్తకాలు ఏవో రాసి పంపమని ఈ మధ్య మా అబ్బాయి అడిగాడు. వాడికి కూతురు పుట్టింది. ముప్పై ఏళ్ళకు పైగా చిన్న తరగతులకు పాఠాలు చెప్పినదాన్ని, పన్నెండేళ్ళు గుంటూరు జిల్లాలో, ఆ తరువాతదంతా ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో. జాబితా రాయడం ఎంతసేపు అనుకుని కూర్చున్నాను. ఒక్కొక్క పేరు రాయగానే ఆ పుస్తకాన్ని నాతో కలిసి చదివినవాళ్ళ ముఖాలు గుర్తుకువచ్చి, రెండో పేరు దగ్గరే కలం ఆగిపోయింది. వాడికి జాబితా బదులు ఇది పంపుతున్నాను.

మాది తెనాలికి దగ్గర ఊరు. నాన్న తెనాలి వెళ్ళిన ప్రతినెలా చందమామ కొని తెచ్చేవారు. 1947 జులైలో దాన్ని మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లలో చక్రపాణిగారు మా తెనాలి ఐతానగరం మనిషి. దానికి ఏళ్ళ తరబడి వెన్నెముకగా నిలిచిన కొడవటిగంటి కుటుంబరావుగారూ తెనాలిలోనే పుట్టారు. ఈ సంగతి నాన్న ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. చందమామ అంటే మా పక్కవీధివాళ్ళు రాసి పంపే ఉత్తరం అన్నట్టు ఉండేది నాకు. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడిచే శంకర్ గారి బొమ్మ అంటే భయం. ఆ బొమ్మను అరచేత్తో మూసి, పక్కనున్న అక్షరాలు మాత్రం చదివేదాన్ని. చిన్న వాక్యాలు. ఎక్కడా తడబాటు లేదు. చిన్నపిల్లలకు ఎలా రాయాలో తరువాత శిక్షణలో ఎవరెవరో చెప్పారు కానీ, నేను నేర్చుకున్నది అరచేతి పక్కన కనిపించిన ఆ వాక్యాల నుంచే.

ఏడాదికి ఒకసారి విశాలాంధ్ర వారి పుస్తకాల వ్యాను వచ్చేది. అందులో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఉండేవి. దళసరి కాగితం, నిండు రంగులు, మా నోటు పుస్తకాల కంటే కొంచెమే ఎక్కువ ధర. వాటిలో నాకు ప్రాణమైనది ఒక తాత పెరట్లో దుంప నాటిన కథ. అది ఏనుగంత ఊరుతుంది. తాత పీకితే రాదు. తాతను పట్టుకుని అవ్వ, అవ్వను పట్టుకుని మనవరాలు, తరువాత కుక్క, పిల్లి. చివరికి చిట్టెలుక వచ్చి చెయ్యి వేస్తే ఊడివస్తుంది. ఆ దుంప ఏమిటో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. ముల్లంగి కాదు, బీట్‌రూట్ కాదు. తెలియకపోయినా లోటుగా అనిపించలేదు. ఎలుక వల్ల పని జరగడమే కావలసింది. ఉప్పల లక్ష్మణరావుగారి వంటి తెలుగువాళ్ళు ఏళ్ళ తరబడి మాస్కోలో ఉండి ఆ అనువాదాలు చేశారని పెద్దయ్యాక తెలిసింది. ఆ చలిలో, చుట్టూ తెలుగు మాట వినపడని చోట కూర్చుని, ఎక్కడో డెల్టా పల్లెలో ఉన్న పిల్లకు ఏ మాట తేలికగా అర్థమవుతుందా అని వెతుక్కున్నవాళ్ళు. పరాయి దేశం వెళ్ళాక వాళ్ళను ఎన్నిసార్లు తలుచుకున్నానో.

1989లో నిజాంపట్నం వైపు ఒక తీరగ్రామంలో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. ఇద్దరు టీచర్ల బడి. ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం 1987లో మొదలైంది. దాని కింద మా బడికి పటాలు, పూసల చట్రం, ఆటవస్తువులు, ఒక ఇనుప ట్రంకుపెట్టె నిండా పుస్తకాలు వచ్చాయి. పెట్టెకు తాళం ఉండేది. తాళంచెవి ప్రధానోపాధ్యాయుల జేబులో ఉండేది. నేను చేరిన మూడు నెలలదాకా ఆ పెట్టె తెరవగా చూడలేదు.

"పుస్తకం చిరిగితే స్టాకు రిజిస్టరులో ఏమని రాయాలమ్మా?" అనేవారు ఆయన.

"చిరిగింది అని రాద్దాం సార్."

ఆయన చెడ్డవారు కాదు. పుస్తకం పోతే జీతంలో కోత పడుతుందన్న భయం ఆయనకు నిజమైనది. అది ఆయన ఒక్కరి భయమూ కాదు. ఆ రోజుల్లో ఎన్ని బడుల్లో ఎన్ని పెట్టెలు అలాగే తాళాలతో తుప్పుపట్టాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. చిరిగినవాటికి నాదే బాధ్యత అని కాగితం రాసి సంతకం పెట్టాను. పెట్టె తెరిచాం. లోపల చెదలు లేవు కానీ బొద్దింకల మందు వాసన. ఆ ఏడాది చివరికి 14 పుస్తకాలు చిరిగాయి. మైదా ఉడికించిన జిగురుతో పిల్లలే అతికించారు. పుస్తకానికి నష్టం చిరగడం వల్ల కాదని, చిరగకుండా ఉండిపోవడం వల్లనేనని అప్పుడే నాకు నమ్మకం కుదిరింది.

అయితే ఆ పిల్లల్లో సగంమందికి చదవడం ఇంకా రాదు. వాళ్ళకు కథ నోటితో చెప్పవలసిందే. అమ్మమ్మ షరతే పెట్టాను, ఊఁ అనాలని. ఏడు చేపల కథ ఎత్తుకున్నాను. ఆ ఊళ్ళో ఇంటింటా చేపలు ఎండబెడతారు. గాలి ఎటు తిరిగితే అటు ఆ వాసనే. రాజుగారి కొడుకులు చేపలు ఎండబెట్టారనగానే ఊఁ అనవలసిన చోట ఒక పిల్ల లేచి నిలబడింది.

"టీచరుగారూ, గడ్డిమేటు పక్కన చేపలు ఎవరండీ ఎండబెట్టేది? ఇసుక మీద కదా పెట్టాలి."

ఇంకొకడు, "ఆ చేపకు ఉప్పు సరిగా పట్టి ఉండదండీ. అందుకే ఎండలేదు" అన్నాడు.

తరగతి అంతా వాడితో ఏకీభవించింది. గడ్డిమేటును, ఆవును, పాలేరును, అవ్వను, ఏడ్చిన పిల్లను, కుట్టిన చీమను ఎవరినీ అడగవలసిన పనే లేకుండా వాళ్ళు కారణం కనిపెట్టేశారు. నేను ఆ రోజు కథ చెప్పడం ఆపి, చేపలు ఎండబెట్టడం గురించి వాళ్ళు చెప్పింది విన్నాను. ఊఁ కొట్టడం నా వంతైంది. ఏ చేపను చీల్చి ఎండబెట్టాలి, దేన్ని అలాగే పరచాలి, మబ్బు పడితే ఎంత వేగంగా ఎత్తాలి, కాకుల దగ్గర ఎవరు కాపలా ఉండాలి. పుస్తకం ముందు నోరు విప్పని పిల్లలు గంటసేపు ఆగకుండా మాట్లాడారు.

తరువాత కొన్నేళ్ళకు "రైలు బడి" నా చేతికి వచ్చింది. జపాను రచయిత్రి కురోయనాగి తెత్సుకో తన చిన్ననాటి బడి గురించి 1981లో ప్రచురించిన పుస్తకానికి తెలుగు రూపం. పాత రైలుపెట్టెల్లో తరగతులు నడిచిన ఆ బడి తోక్యోలో ఉండేది. 1945 బాంబుదాడిలో కాలిపోయింది. అందరూ ఆ రైలుపెట్టెల గురించి చెబుతారు. నాకు మాత్రం మొదటి రోజు ప్రధానోపాధ్యాయులు కొబయాషి గారు ఆ పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీకు చెప్పాలనిపించింది అంతా చెప్పు అని, నాలుగు గంటలపాటు విన్న ఘట్టమే కావాలి. ఆవులింత లేకుండా, గడియారం వైపు చూడకుండా వినడం. ఆ పేజీలను మా ప్రధానోపాధ్యాయులకు చదివి వినిపించాను. ఆయన మాట్లాడలేదు. వారం తరువాత రెండో ట్రంకుపెట్టె తాళంచెవి నా బల్ల మీద పెట్టి వెళ్ళారు.

2001 సెప్టెంబరులో మావారి ఉద్యోగం వల్ల లెస్టర్ చేరాం. అబ్బాయికి అప్పుడు నాలుగు నిండాయి. అక్కడ రిసెప్షన్ అనే తరగతిలో చేరాడు. బడిలో అడుగుపెట్టే మొదటి ఏడాదికి ఆ పేరు. మొదటి రోజు వాణ్ణి దింపడానికి వెళ్ళినప్పుడు నేను వాడి వైపు చూడలేదు. పుస్తకాల మూల వైపు చూశాను. అరలు నా మోకాలి ఎత్తున ఉన్నాయి. పుస్తకాలు వీపు కాకుండా ముఖం కనిపించేలా నిలబెట్టి ఉన్నాయి. కింద మెత్తటి దిండ్లు. ఒక పిల్లవాడు బోర్లా పడుకుని, పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని, బొమ్మలతో ఏదో మాట్లాడుతున్నాడు. ఎవరూ వాడి చేతిలోంచి దాన్ని లాక్కోలేదు. పక్కన ఒక డబ్బాలో చిరిగిన పుస్తకాలు, అతికించే టేపు. నాకు ఏడుపు వచ్చింది. అబ్బాయిని విడిచి ఉండలేక ఏడుస్తున్నాననుకుని టీచరు నా భుజం తట్టింది.

వారానికి రెండు రోజులు వచ్చి పిల్లలు చదువుతుంటే వినే తల్లిదండ్రులు కావాలని బడి తలుపు మీద కాగితం అంటించారు. ఉద్యోగం లేదు, జీతం లేదు. పక్కన కూర్చుని వినడమే పని. చేరాను. మెడలో సందర్శకురాలు అన్న కార్డు వేసుకుని, పిల్లల కుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేదాన్ని. నా ఇంగ్లీషు వాళ్ళకు కొత్త, వాళ్ళ యాస నాకు కొత్త. గేటు దగ్గర ముసలివాళ్ళు ఎవరినైనా ఆప్యాయంగా "బాతూ" అని పిలిచే ఊరు అది. కానీ వినడానికి యాస అక్కరలేదు. ఐదేళ్ళవాడు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ మాట పూర్తిచేసి నా ముఖంలోకి చూస్తాడు. నేను ఊఁ అంటాను. వాడు తరువాతి మాటకు వెళతాడు. అమ్మమ్మ మంచం దగ్గర మేము చేసిన పనే అక్కడ నా పని.

ఆ రోజుల్లో వాళ్ళు ఇంటికి తీసుకువెళ్ళే పుస్తకాల్లో బిఫ్, చిప్, కిప్పర్ అనే పిల్లల కుటుంబం ఉండేది. రచన రోడరిక్ హంట్, బొమ్మలు అలెక్స్ బ్రిక్టా. పేజీలో ఎక్కడో ఒక కళ్ళజోడు దాచి గీయడం ఆయన అలవాటు. పిల్లలు చదవడానికి ముందే దాన్ని వెతికేవారు. ఆయన చెకోస్లొవేకియాలోని ప్రాగ్‌లో పుట్టారని, 1968లో సోవియట్ సేనలు ఆ దేశంలోకి వచ్చాక చిన్నవయసులో కుటుంబంతో ఇంగ్లండు చేరారని తరువాత చదివాను. మాస్కో పుస్తకాలు గుండెకు హత్తుకుని పెరిగినదాన్ని, ఆ సంగతి చదివిన రాత్రి నిద్రపట్టలేదు. ఆ దుంప కథ మీద నా ప్రేమ తగ్గలేదు. అయితే దాని పక్కన ఈ కళ్ళజోడు కూడా పెట్టుకున్నాను. అన్నట్టు, ఆ దుంప అక్కడ కనిపించింది. రిసెప్షన్ గదిలో అరమీద అదే తాత, అదే ఎలుక, ఇంగ్లీషులో. శనివారం సంతలో ఊదారంగు, తెలుపు కలిసిన టర్నిప్ అనే దుంపను కొని తెచ్చి వండాను. రుచి ఏమీ లేదు. పాతికేళ్ళు ఎదురుచూసిన దుంప కాబట్టి పళ్ళెంలో ఒక్క ముక్క మిగల్చలేదు.

ఇంగ్లండును నేను పెద్దల పుస్తకాల నుంచి నేర్చుకోలేదు. పులి ఒకటి టీకి వచ్చిన కథ నుంచి నేర్చుకున్నాను. జుడిత్ కెర్ 1968లో వేసిన పుస్తకం. ఒక మధ్యాహ్నం తలుపు తడితే పులి. రమ్మంటారు. అది రొట్టెలు, కేకులు, పొయ్యి మీద ఉడుకుతున్న వంట, చివరికి కుళాయిలో నీళ్ళతో సహా అన్నీ తాగి, తిని, మర్యాదగా వెళ్ళిపోతుంది. అంతకుముందు నెలలో అబ్బాయి స్నేహితుడి తల్లి మమ్మల్ని సాయంత్రం టీకి పిలిచింది. కప్పు టీ అనుకుని ఇంట్లో భోజనం ముగించి వెళ్ళాం. ఆమె బల్ల నిండా వంట చేసి పెట్టింది. అక్కడ పిల్లల సాయంత్రపు భోజనాన్నే టీ అంటారని ఆ పులి వల్ల తెలిసింది. ఆ పుస్తకంలో నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ఇల్లంతా ఊడ్చిపెట్టి పోయిన అతిథి మళ్ళీ వస్తే ఉండాలని, మరునాడు తల్లీకూతుళ్ళు పులికి తిండి డబ్బా కొని తెస్తారు. ఇది మన ఇళ్ళ మనసు. రచయిత్రి తొమ్మిదేళ్ళ వయసులో, 1933లో, హిట్లరు అధికారానికి వస్తుండగా జర్మనీ విడిచి పారిపోయిన కుటుంబపు పిల్ల. ఒకప్పుడు తానే ఎవరి తలుపో తట్టినామె తలుపు తెరిచే కథ రాసింది.

ప్యాడింగ్టన్ ఎలుగుబంటి కూడా అలాంటిదే. పెరూ నుంచి వచ్చి, లండన్ రైల్వేస్టేషనులో పెట్టె మీద కూర్చుని, మెడలో దయచేసి చూసుకోమని రాసిన చీటీతో కనిపిస్తుంది. యుద్ధకాలంలో మెడలో చీటీలు కట్టి రైళ్ళలో పల్లెలకు పంపిన పిల్లలు మైకేల్ బాండ్ కళ్ళలో మిగిలిపోయారు. 1958లో ఎలుగుబంటి మెడలో ఆ చీటీ కట్టారు. ఆ పుస్తకాన్ని చదివి వినిపిస్తూ నా మెడలోని సందర్శకుల కార్డును వేళ్ళతో తడుముకున్న రోజు గుర్తుంది.

లెస్టర్ అటువంటి చీటీల ఊరు. 1972లో ఈదీ అమీన్ ఉగాండా నుంచి ఆసియావారిని తొంభై రోజుల్లో పొమ్మన్నప్పుడు, మా ఊరికి రావద్దని లెస్టర్ నగరపాలకులు అక్కడి పత్రికలో ప్రకటన ఇచ్చారు. అయినా వేలమంది వచ్చారు, ఎక్కువగా గుజరాతీలు. వాళ్ళ వల్లనే బెల్‌గ్రేవ్ రోడ్డు అంత కళకళలాడింది. దీపావళి దీపాలు చూడటానికి దూరపు ఊళ్ళనుంచి జనం వస్తారు. బడి గేటు దగ్గర అందరూ నాతో గుజరాతీ మాట్లాడేవారు. రాదంటే నమ్మేవారు కాదు.

ఒక మధ్యాహ్నం హండా కథ చదువుతున్నాను. ఐలీన్ బ్రౌన్ పుస్తకం. కెన్యా పిల్ల హండా ఏడు రకాల పండ్లు బుట్టలో పెట్టి, నెత్తిన పెట్టుకుని, స్నేహితురాలికి ఇవ్వడానికి బయలుదేరుతుంది. దారిలో కోతి, నిప్పుకోడి, చారల గుర్రం, ఏనుగు, ఒక్కొక్కటి ఒక్కొక్క పండు ఎత్తుకుపోతాయి. ఆ పిల్లకు తెలియదు, చూసే పిల్లలకు తెలుసు. మనవణ్ణి తీసుకువెళ్ళడానికి తొందరగా వచ్చిన ఒక నాయనమ్మ గది వెనక కూర్చుని వింటోంది. ఉగాండాలోని జింజాలో పుట్టి పెరిగిన మనిషి. నిప్పుకోడి జామకాయ ఎత్తుకోగానే ఆమె ఉండబట్టలేక "జామ్‌ఫళ్!" అంది గుజరాతీలో. నేను "జామ" అన్నాను. ఆమె లేచి వచ్చి బొమ్మ మీద వేలు పెట్టి "మపేరా" అంది, ఆ ప్రాంతపు స్వాహిలి మాట. తొంభై రోజుల్లో వదిలి వచ్చిన ఇంటి పెరట్లో ఆ చెట్టు ఉండేదట. కాయ దోరగా ఉన్నప్పుడు ఉప్పు కారం అద్దుకుని తినేవాళ్ళమని చేతులతో చూపించింది. మా తెనాలి పక్క ఊళ్ళోనూ అంతే కదా. పిల్లలు కథ ఆగిపోయిందని గోల చేయలేదు. ఆమె చెప్పినంతసేపూ విన్నారు. ఆ తరువాత నాతో గుజరాతీ మాట్లాడటం ఆమె మానలేదు. నేనూ అర్థమైనట్టే ఊఁ కొట్టేదాన్ని. కొన్నాళ్ళకు నిజంగానే అర్థం కాసాగింది.

వినడం నుంచి సహాయకురాలినయ్యాను. విదేశాల్లో శిక్షణ పొందినవారికి వాళ్ళు పెట్టిన అర్హతలు పూర్తిచేసి టీచరునయ్యాను. ఆ కాగితాల గొడవ నాలుగేళ్ళు పట్టింది. దాని గురించి చెప్పుకోదగినది ఏమీ లేదు.

ఆ దేశంలో మార్చి మొదటి గురువారం పుస్తకాల పండుగ చేస్తారు. పిల్లలు తమకు ఇష్టమైన పాత్రల వేషాలు వేసుకుని వస్తారు. పుస్తకం కొనుక్కోవడానికి పిల్లలందరికీ ఒక పౌండు టోకెను ఇస్తారు. 2006లో ఆ రోజు నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. మామూలు రోజుల్లో ఆ చలికి చీర కట్టేదాన్ని కాదు. గొంగళిపురుగు వేషంలో ఉన్న ఒక పిల్లవాడు చాలాసేపు చూసి అడిగాడు.

"మిస్, మీరు ఏ పుస్తకంలోంచి వచ్చారు?"

"ఏడు చేపల కథలోంచి."

"అందులో మీరెవరు?"

"పాలేరుకు అన్నం పెట్టని అవ్వను."

"ఎందుకు పెట్టలేదు?"

ఇక చెప్పక తప్పదు. ముప్పైమందిని చుట్టూ కూర్చోబెట్టుకుని ముందుగా ఊఁ నేర్పాను. పెదవులు మూసి అనే వాళ్ళ ధ్వనికి, నోరు గుండ్రంగా చేసి ముక్కుతో అనే మన ఊఁకు తేడా ఉంది. రెండుసార్లు చెప్పగానే పట్టేశారు. ముప్పై గొంతులు ఒక్కసారి ఊఁ అంటే నడవలోంచి ఎవరో తొంగిచూసి వెళ్ళారు. చేపను అడిగాం, గడ్డిమేటు అడ్డం వచ్చిందన్నది. గడ్డిమేటును అడిగాం, ఆవు మేయలేదన్నది. అలా చీమ దాకా వెళ్ళాం. నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అని చీమ అనగానే, చీమదే న్యాయమని తరగతి మొత్తం తీర్పు చెప్పింది. ఆ గొంగళిపురుగు పిల్లవాడు మాత్రం మొదటి చేప దగ్గరే ఉండిపోయాడు.

"ఎండని చేప మాట్లాడింది కదా మిస్. అయితే అది బతికే ఉంది. దాన్ని మళ్ళీ నీళ్ళలో వదిలేయవచ్చు కదా?"

ఇన్నేళ్ళుగా ఈ కథ విన్నాను, చెప్పాను. చేప బతికి ఉందని నాకు ఎన్నడూ తట్టలేదు. నిజాంపట్నం పిల్లలకు అది ఉప్పు చాలని చేప. వీడికి నీళ్ళు కావలసిన చేప. ఆ రోజునుంచి నేను ఆ కథ చెప్పినప్పుడల్లా చివర, చీమ మాట తరువాత, ఏడో చేపను ఏటిలో వదిలేస్తున్నాను. అమ్మమ్మ ఒప్పుకునేదో లేదో.

ఆ తరగతిలో ఒక పాప ఉండేది. సొమాలియా కుటుంబం, హాలండు మీదుగా వచ్చారు. చేరి ఐదు నెలలైనా బడిలో ఒక్క మాట మాట్లాడలేదు. బలవంతపెట్టవద్దని నేను అందరికీ చెప్పాను. ఏడు చేపల కథలో మాత్రం ఆమె పెదవులు ఊఁ దగ్గర కదిలేవి. పిల్లలు ప్రతి శుక్రవారం ఆ కథే కావాలనేవారు. ఒక శుక్రవారం నేను అలసిపోయి, గడ్డిమేటు నుంచి నేరుగా పాలేరు దగ్గరకు వెళ్ళిపోయాను.

"ఆవు," అని వినిపించింది, చాలా చిన్నగా, ఇంగ్లీషులో. ఆ పాపే.

"అవును, ఆవు," అన్నాను. గొంతు మామూలుగా ఉంచడానికి చాలా ప్రయత్నించవలసి వచ్చింది. వెనక్కి వెళ్ళి ఆవును అడిగి వచ్చాను.

జాబితాలో ఇంకొక్క పుస్తకం రాయాలి. ఇది అబ్బాయికి అందరికంటే బాగా తెలుసు. మైకేల్ రోజన్, హెలెన్ ఆక్సెన్‌బరీల ఎలుగుబంటి వేట. 1989లో వచ్చిన పుస్తకం. ఒక కుటుంబం పొడవాటి గడ్డిలోంచి, ఏటిలోంచి, బురదలోంచి, అడవిలోంచి, మంచు తుపానులోంచి నడుచుకుంటూ గుహకు చేరుతుంది. ప్రతిచోటా ఒక చప్పుడు. మేము వెళ్ళిన మొదటి చలికాలంలో వాడు రోజూ అదే చదివించుకునేవాడు. తెలుగు మరిచిపోతాడని దాన్ని నేను తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఇంగ్లీషులో ఆ చప్పుళ్ళు రచయిత కష్టపడి కూర్చుకున్నవి. మన దగ్గర అవి ఇంటినిండా ఉన్నాయి. గడ్డికి సరసర, ఏటికి దబదబ. బురదకు నేను జబజబ అని పెట్టాను.

ఆదివారం ఉదయం అమ్మకు ఫోను చేసేవాళ్ళం. ఐదు పౌండ్ల కార్డు కొని, వెనకనున్న నంబరు గీకి, అంకెలన్నీ నొక్కితే తెనాలి పక్కనున్న మా ఇంట్లో మోగేది. ఏం మాట్లాడాలో తెలియక అబ్బాయి ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అమ్మమ్మకు ఎలుగుబంటి వేట చెప్పడం మొదలుపెట్టాడు. బురద దగ్గరకు రాగానే అమ్మ ఆపింది.

"వరిచేలో దిగినప్పుడు జబజబ అనదు నాన్నా. పచపచ అంటుంది. మీ అమ్మ మరిచిపోయింది."

వాడు పచపచ చేశాడు. మంచు తుపాను దగ్గర ఇద్దరమూ చిక్కుపడ్డాం. మంచుకు మనకు చప్పుడు ఎక్కడిది? అది ఎలా ఉంటుందని అమ్మ అడిగింది. గాలి ఊళలు వేస్తుంది, ఏమీ కనపడదు అని వాడు చెప్పాడు. అమ్మ కొంచెంసేపు మాట్లాడలేదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచిన రాత్రి మా ఊరి ఇళ్ళ కప్పులు లేచిపోయాయి. నన్నూ తమ్ముణ్ణీ పొట్టకు అదుముకుని అమ్మ తెల్లవార్లూ గోడ మూల కూర్చుంది. ఆ గాలి ఎలా అరిచిందో ఫోనులో వాడికి చేసి చూపించింది. గొంతు లోపలినుంచి, సన్నగా మొదలై, పెద్దదవుతూ. నాకు ఒళ్ళు జలదరించింది. వాడికి చాలా నచ్చింది. ఆ తరువాత వాడి మంచు తుపాను ఎప్పుడూ అలాగే వీచింది.

ఆ కార్డు ఫోనులో మాట అటు చేరడానికి కొంత సమయం పట్టేది. వాడు వాక్యం చెప్పిన తరువాత అమ్మ ఊఁ ఒక క్షణం ఆలస్యంగా వచ్చేది. మొదట్లో వాడు ఆగకుండా చెప్పుకుపోయేవాడు. ఏటిలో అనవలసిన ఊఁ బురదలో వినిపించి ఇద్దరూ తికమకపడేవారు. మూడు నాలుగు ఆదివారాలకు వాడికి అలవాటైంది. ఒక వాక్యం చెప్పి, రిసీవరు చెవికి గట్టిగా అదుముకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, అక్కడినుంచి ఊఁ వచ్చేదాకా ఆగి, అప్పుడు పేజీ తిప్పేవాడు.